ఆటో వెనక టైర్లు: ఆరేళ్ల వాడకంలో నాకు తెలిసింది

ఆరేళ్ల నుంచి నల్గొండ, తిప్పర్తి మధ్య ఆటో తిప్పుతున్నా. 4.00-8 టైర్లు (నాలుగంగుళాల వెడల్పు, ఎనిమిదంగుళాల రిమ్ము), ముందూ వెనకా ఒకటే సైజు. టైరు మార్చిన ప్రతిసారీ మీటరు రీడింగ్ డైరీలో రాసుకుంటా, కింది లెక్కలన్నీ అందులోవే.

బండితో వచ్చిన వెనక టైర్లు 24 వేల కిలోమీటర్లు నడిచాయి. తర్వాత చేతిలో డబ్బుల్లేక రీబటన్ టైర్లు, అంటే అరిగిన టైరుకు కొత్త పైపొర అతికించినవి, వేయించా. పది వేలు కూడా దాటలేదు. ఏప్రిల్ ఎండలో ఒంటిపూట బడి పిల్లల్ని ఇళ్లకు దింపుతుంటే కుడివైపు టైరు పైపొర ఊడి వచ్చేసింది, నెమ్మదిగా పోతున్నా కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు గానీ ఆ రోజంతా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. మనుషుల్ని ఎక్కించుకునే బండికి రీబటన్ వద్దు, ముందు చక్రానికైతే అసలే వద్దు.

తర్వాత ఆరు ప్లై (లోపలి పొరల బలం చెప్పే లెక్క) కొత్త టైర్లు జతగా వేశా. 12 వేలకే ఎడమది నున్నగా అయిపోయింది, కుడిదానికి ఇంకా సగం గ్రిప్పు ఉంది! టైరే నాసిరకం అని కంపెనీని తిట్టుకున్నా. పంక్చర్ షాపు పెద్దాయన చేత్తో తడిమి చూసి, "టైరుది కాదు బిడ్డా, బండిది" అన్నాడు. జాకీ పెట్టి చక్రం తిప్పితే పట్టేస్తోంది, బ్రేకు పూర్తిగా వదలట్లేదు. పైగా చక్రాన్ని పట్టుకునే ఆర్మ్ బుష్ (ఆర్మ్ కదిలే చోట ఉండే తొడుగు) అరిగి చక్రం లోపలికి వాలింది, అందుకే లోపలి అంచే ఎక్కువ పోయింది. రెండూ బాగు చేయిస్తే ఒక టైరు ధర కూడా కాలేదు. ఆ తర్వాతి జత 21 వేలు వచ్చింది, రెండూ దాదాపు సమానంగా అరిగాయి.

అంచులు రెండూ పోయి మధ్యలో గ్రిప్పు మిగిలితే గాలి తక్కువైనట్టు, లేదా లోడు ఎక్కువైనట్టు. బత్తాయి సీజన్లో సంచులు వేసినప్పుడల్లా నా టైర్లు ఇట్లాగే పోయేవి. మధ్యలోనే అరిగితే గాలి ఎక్కువ. గాలి పొద్దున బండి తీయకముందే చూడాలి. మధ్యాహ్నం వేడి మీద గేజీ ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసేస్తే తెల్లారేసరికి తక్కువైపోతుంది. నేను రెండు ఎండాకాలాలు అదే తప్పు చేశా.

వెనక రెండూ ఒకేసారి మార్చండి. ఒకటి కొత్తది, ఒకటి అరిగినది ఉంటే చక్రాల ఎత్తులో తేడా వచ్చి, వెనక రెండు చక్రాల్ని వేర్వేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ గేర్లకు ఎప్పుడూ పనే. పాతవాటిలో బాగున్నదాన్ని స్టెప్నీకి పెట్టుకోవచ్చు. కొనేటప్పుడు టైరు పక్కన నాలుగంకెలు చూడండి, 2324 అంటే 2024లో 23వ వారం తయారైంది. షాపులో ఏళ్ల తరబడి పడి ఉన్న టైరు తక్కువకిచ్చినా నేను తీసుకోను. రూల్ ప్రకారం త్రీవీలర్‌కు గ్రిప్పు లోతు కనీసం 0.8 మిల్లీమీటర్లు ఉండాలి, నేను మాత్రం అంతదాకా ఆగకుండా జూన్ వానలకు ముందే మార్చేస్తా.

ఇంకో మాట, మన రిమ్ము రెండు ముక్కలు బోల్టులతో బిగించింది. ఆ నట్లు విప్పే ముందు గాలి మొత్తం తీసేయండి, లేకపోతే రిమ్ము ఎగిరి మొహానికి తగులుతుంది.

ఇప్పుడున్న జత 16 వేలు నడిచింది, అంచులు ఇంకా నిలబడే ఉన్నాయి.