నాన్న మెడలో ట్రాకర్: మూడేళ్ల వాడకం తర్వాత

మతిమరుపు మొదలైన కొత్తలో నాన్న ఒకరోజు తెల్లవారకముందే ఇల్లు వదిలి వెళ్లిపోయారు. మధ్యాహ్నానికి కావలి రైల్వేస్టేషన్ బెంచీ మీద కనిపించారు. ఆ వారమే సిమ్ వేసే జీపీఎస్ ట్రాకర్ కొని మెడలో వేశాం. ఆ తర్వాత నాలుగుసార్లు దారి తప్పారు. నాలుగుసార్లూ అరగంటలో దొరికారు. అందుకు ఈ వస్తువుకు నేను రుణపడి ఉన్నాను.

ఇంటికొచ్చిన వాళ్లంతా అడిగింది ఒకటే: "గుండె మీద రేడియేషన్ పెట్టారేంది?" నాకూ ఆ టెన్షన్ ఉండేది. జీపీఎస్ భాగం ఉపగ్రహాల సిగ్నల్ అందుకుంటుందే గానీ ఏమీ పంపదు. పంపేది సిమ్ భాగం, అదీ లొకేషన్ చెప్పే కాసేపే. నిమిషానికోసారి ఉన్న సెట్టింగ్‌ను పది నిమిషాలకు మార్చాను, ఛార్జింగ్ కూడా ఎక్కువ నిలిచింది. సిగ్నల్ సరిగా అందని చోట ఎక్కువ పవర్‌తో పంపుతుంది కాబట్టి, రాత్రి తలుపు గడియ పెట్టాక తీసి కిటికీలో ఉంచుతాం. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు మాత్రం మెడలో వేసుకోకండి, దానికి ఆరంగుళాల దూరంలో ఉండేలా నడుముకు పెట్టుకోండి.

ఎవరూ అడగనిది బ్యాటరీ గురించి. రెండున్నరేళ్లకు ఒకరోజు బల్ల మీద పెడితే ట్రాకర్ అటూ ఇటూ ఊగింది. వెనక మూత పక్కన గోరు దూరేంత సందు. లోపల లిథియం బ్యాటరీ ఉబ్బిపోయింది. అది నాన్న ఛాతీ మీద ఎన్నాళ్లుగా అలా ఉందోనని చేతులు వణికాయి. నొక్కలేదు, మళ్లీ ఛార్జింగ్ పెట్టలేదు. ఇసుక పోసిన మట్టికుండలో పెట్టి ఆరుబయట ఉంచాను.

కొన్న షాపువాళ్లు "చెత్తలో పడేయండి" అన్నారు. చెత్తలో వేయకూడదని చెప్పే, అడ్డగీత గీసిన చెత్తబుట్ట గుర్తు వెనక ఉన్న వస్తువు అది! పాత సామాన్ల అతను "ఇచ్చేయన్నా" అన్నాడు, రాగి కోసం కాలుస్తారని తెలిసి ఇవ్వలేదు. 2022 బ్యాటరీ నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను వెనక్కి తీసుకునే ఏర్పాటు తయారీదారుదే. అమ్మేవాళ్లకే ఆ సంగతి తెలియకపోతే మనమెవరిని అడగాలి? చివరికి నెల్లూరులో ఒక ఫోన్ సర్వీస్ సెంటర్‌లో ఈ-వేస్ట్ డబ్బా ఉందని తెలిసింది. ముందే ఫోన్ చేసి, ఉబ్బిన బ్యాటరీ అని చెప్పి, ఒప్పుకున్నాకే తీసుకెళ్లాను. సిమ్ తీసేసి, యాప్‌లో నాన్న తిరిగిన దారులన్నీ చెరిపేశాకే ఇచ్చాను.

మళ్లీ అదే మోడల్ కొన్నాను. వెనక మార్కర్‌తో కొన్న తేదీ రాశాను. ప్రతి ఆదివారం నాన్నకు గడ్డం గీసేటప్పుడు తీసి బల్ల మీద పెట్టి చూస్తాను, ఊగుతుందేమోనని.