మూడు రోజుల యాత్ర, ఇంజిన్‌లో ఒక గరగర

కొండదారి ఎక్కుతుంటే మా ఆవిడ అద్దం దించి, "ఏమండీ, ఆ చప్పుడు మన బండిదేనా?" అంది. కాదన్నాను. ఏసీ వేసి, పాటలు పెట్టుకుని నడుపుతున్నవాడికి ఏం వినిపిస్తుంది? పాటలు కట్టేశాక తెలిసింది, మనదే. పిండి అయిపోయాక ఉత్తి తిరగలి తిప్పితే వచ్చే గరగర. దానికింద సన్నగా టిక్‌టిక్ అని ఇంకోటి.

రోడ్డు వెడల్పుగా ఉన్నచోట పక్కకి ఆపి, న్యూట్రల్‌లో ఉంచి యాక్సిలరేటర్ తొక్కాను. గరగర ఇంజిన్‌తో పాటే పెరిగింది, వదిలితే తగ్గింది. బండి నిలబడే ఉంది కాబట్టి చక్రాల బేరింగులు, టైర్లు, బ్రేకులు అన్నీ లెక్కలోంచి పోయాయి. ఒక్క నిమిషంలో సగం అనుమానాలు తీరాయి. ఆ మిగతా సగం కోసమే తర్వాతి రెండు రోజులూ గడిచాయి. అందుకే ఈసారి బసలకీ సర్వీసులకీ నా మార్కులు కాస్త వంకరగా ఉంటాయి, ఏమనుకోకండి.

మొదటి రాత్రి దిగిన హోటల్ గదికి వంక పెట్టలేం. పరుపు మెత్తన, కుళాయి తిప్పగానే వేడినీళ్లు. కానీ పార్కింగ్ నేలమాళిగలో. అక్కడ బండి స్టార్ట్ చేస్తే నాలుగు గోడలకీ కొట్టుకుని, బాగున్న ఇంజిన్ కూడా రేపో మాపో పోయేదానిలా వినిపిస్తుంది. పైగా మూసిన చోట ఇంజిన్ నడిపి చెవి పెట్టుకు కూర్చోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. అందుకని పొద్దున్నే డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మాత్రం చూసుకున్నాను. రెండు గీతల మధ్యే ఉంది. ఆయిల్ తక్కువైతే చాలా ఇంజిన్లు టకటకలాడతాయి కాబట్టి ముందు చూడాల్సింది అదే. గదికి నిండు మార్కులు, పార్కింగ్‌కి సున్నా.

దారిలో ఒక మెకానిక్ దగ్గర ఆగాం. బానెట్ ఎత్తాడు, తల వంచి విన్నాడు, "బెల్టు సార్" అన్నాడు. ఇంజిన్ బయట తిరిగే ఆ రబ్బరు బెల్టు మీద ఏదో స్ప్రే కొట్టాడు. గరగర తగ్గినట్టే తగ్గి, పది కిలోమీటర్లు పోయాక మళ్లీ మొదలైంది. మనిషి మంచివాడు, ఏదీ విప్పి పారేయలేదు, ఎక్కువా అడగలేదు. కానీ స్ప్రే కొడితే రోగం పోదు, ఆనవాలు పోతుంది. బెల్టు మీద అనుమానం ఉంటే మామూలు నీళ్లు చాలు. బండి ఐడిలింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉండగా చేయి దూరంగా ఉంచి బెల్టు గాడుల మీద కాసిని చిమ్మాలి. కీచుమనేది కాసేపు ఆగిపోతే పుల్లీలు (బెల్టు తిరిగే చక్రాలు) ఒక వరుసలో లేవని, ఇంకా గట్టిగా అరిస్తే బెల్టు వదులై జారుతోందని అర్థం. సాయంత్రం నేను చిమ్మితే గరగరలో ఏ తేడా లేదు.

మధ్యాహ్నం టౌన్‌లో సర్వీస్ సెంటర్‌కి వెళ్లాం. అద్దాల గది, చల్లగా ఏసీ, మెత్తటి కుర్చీలు. బండి మాత్రం మన కంటికి ఆనదు, చెవికి అసలే ఆనదు. కంప్యూటర్ పెట్టి చూసి లోపాల కోడ్లేమీ లేవన్నారు. ఎలా ఉంటాయి? కంప్యూటర్ చదివేది సెన్సార్లని, అరిగిన బేరింగ్‌కి సెన్సార్ ఉండదు. తర్వాత, "టైమింగ్ చైన్ అయ్యుండొచ్చు సార్, రెండు రోజులు బండి ఉంచండి" అన్నారు. ఏ చప్పుడు విని ఆ మాటన్నారని అడిగితే, విన్న కుర్రాడు భోజనానికి వెళ్లాడట. తాళంచెవులు తీసుకుని బయటపడ్డాను.

రెండో రాత్రి బస చిన్న లాడ్జి. మంచం కిర్రుమంటుంది, కిటికీ గడియ పడదు. అయినా ఈ యాత్రలో నా మొదటి ర్యాంకు దానికే. ముందు చదునైన సిమెంటు ఆవరణ, ఒక పక్క పొడుగాటి ప్రహరీ, చుట్టూ నిశ్శబ్దం. ఏసీ వేసి, ఆపి చూశాను. గరగర మారలేదు, కంప్రెసర్ క్లచ్ మీద అనుమానం తగ్గింది. టిక్‌టిక్‌ని ఫోన్లో రికార్డు చేసి, వేగం తగ్గించి వింటూ లెక్కపెట్టాను. సెకనుకు ఆరు. ఐడిలింగ్‌లో మా బండి 750 ఆర్పీఎం, అంటే ఇంజిన్ ప్రధాన కడ్డీ క్రాంక్ సెకనుకు పన్నెండున్నర చుట్లు తిరుగుతుంది, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ అందులో సగం, అంటే ఆరు చుట్లకు కాస్త ఎక్కువ. కాబట్టి ఇది వాల్వుల వైపుదైనా కావాలి, ఒక సిలిండర్ నుంచి పొగ లీకైనా కావాలి. రెండూ క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒక్కసారే వినిపిస్తాయి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు గట్టిగా ఉండి వేడెక్కాక మెల్లగా తగ్గుతోంది కాబట్టి నేను లీక్ వైపే మొగ్గాను. రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని రెండో కొసని మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి వెళ్లే గొట్టాల భాగం) అతుకు వెంబడి తిప్పితే, ఒక నట్టు దగ్గర 'ఫుస్ ఫుస్' అని వినిపించింది. టార్చి వేస్తే అక్కడే నల్లటి మసి మరక.

ఇక గరగర. వాచ్‌మన్ దగ్గర పొడుగాటి స్క్రూడ్రైవర్ దొరికింది. చొక్కా చేతులు మడిచి, బెల్టుకీ ఫ్యాన్‌కీ దూరంగా జరిగి (ఇంజిన్ ఆపినా రేడియేటర్ ఫ్యాన్ ఒక్కోసారి తనంతట తానే తిరుగుతుంది), తిరగని భాగాల మీదే మొన ఆనించి పిడిని చెవి ముందరి ఎముకకు అదిమాను. బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ ఒంటి మీద సన్నటి జుమ్మనే చప్పుడు. బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ బోల్టు మీద దాదాపు ఏమీ లేదు. బెల్టుకు దారి చూపడానికే ఉండే ఐడ్లర్ పుల్లీ మధ్య బోల్టు మీద పెట్టగానే చెవిలో గులకరాళ్లు పోసినట్టైంది. "కాఫీ తాగకుండా ఏం వింటున్నారు సార్?" అన్నాడు వాచ్‌మన్. స్క్రూడ్రైవర్ ఇచ్చాను. విని, "ఓరి నాయనో" అన్నాడు.

అక్కడి నుంచి నడుపుకుంటూ రావచ్చా అన్నది వేరే ప్రశ్న. లోపలి నుంచి బరువుగా 'ఢక్ ఢక్' అంటూ, లోడు పడితే పెరిగే చప్పుడైతే కీ తీసేసి టోయింగ్ పిలిచేవాణ్ణి. ఆయిల్ ఎర్ర లైటు వెలిగినా అంతే. పుల్లీ బేరింగ్ బిగుసుకుపోతే బెల్టు ఊడుతుంది, దానితో ఆల్టర్నేటర్ ఆగుతుంది. వాటర్ పంప్ కూడా ఆ బెల్టు మీదే ఉన్న బండైతే కొన్ని నిమిషాల్లోనే ఇంజిన్ మరిగిపోతుంది. మాది అలాంటిదే. అందుకని ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను టెంపరేచర్ ముల్లు మీద పెట్టి, నెమ్మదిగా ఇల్లు చేరాం. పాటలు లేవు.

ఇంటికొచ్చాక ఇంజిన్ చల్లారనిచ్చి, బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎలా వెళ్లిందో ఫోటో తీసుకుని, టెన్షనర్‌కి స్పానర్ వేసి బెల్టు తీశాను. ఒక్కో పుల్లీని చేత్తో తిప్పాను. గ్రీజు ఉన్నది చప్పుడు లేకుండా కొంచెం తిరిగి ఆగిపోతుంది. ఐడ్లర్ మాత్రం బొంగరంలా చరచరమంటూ తిరుగుతూనే ఉంది, పట్టుకుని ఊపితే ఊగింది. బెల్టు లేకుండా అర నిమిషం ఇంజిన్ నడిపాను. బ్యాటరీ లైటు వెలిగింది, వెలగాల్సిందే. గరగర లేదు. కొత్త పుల్లీ, కొత్త బెల్టు వేయడానికి పట్టిన సమయం కంటే కిందపడ్డ ఒక బోల్టు వెతకడానికే ఎక్కువ పట్టింది.

సర్వీస్ సెంటర్ నుంచి ఫోనొచ్చింది, మా సేవకు పదికి ఎన్ని మార్కులు వేస్తారని. కుర్చీలకు తొమ్మిది అన్నాను. టిక్‌టిక్ ఇంకా అలాగే ఉంది, మానిఫోల్డ్ అతుకులో వేసే గాస్కెట్ రావాలి. మా ఆవిడ మాత్రం రోజూ పొద్దున బండి తీయగానే పాటలు కట్టేసి, అద్దం దించి, "తగ్గలేదు" అని చెప్పి మళ్లీ అద్దం ఎక్కిస్తోంది.