మార్పులు చేసిన టర్బో కారును అమ్మిపెట్టిన నల్లగొండ కన్సల్టెన్సీ

టర్బో (ఇంజిన్‌లోకి అదనపు గాలిని నెట్టే పరికరం) మొదలుకొని సస్పెన్షన్ దాకా మార్చిన నా స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్ 230 కారును నల్లగొండలో అమ్మకానికి పెడితే కొనేవాళ్లు దొరకరని తెలిసినవారందరూ అన్నారు. ఎక్స్ఛేంజ్ కోసం వెళ్లిన ఒక షోరూమ్‌లో బానెట్ తెరిచి చూసి, ధర చెప్పడానికే వెనకాడారు. పాత కార్లను ఆన్‌లైన్‌లో కొనే ఒక సంస్థ మనిషి ఇంటికి వచ్చి, కంపెనీ ఫిట్టింగ్ కాని ప్రతిదాన్నీ లోపంగా రాసుకొని వెళ్లాడు. చివరకు క్లాక్ టవర్ సెంటర్‌కు దగ్గరలోని ఒక కార్ల కన్సల్టెన్సీ ఆ కారును అమ్మిపెట్టింది.

2017లో మన దేశంలో విడుదలైన ఈ కారులోని 2.0 లీటర్ల టీఎస్‌ఐ (టర్బో పెట్రోల్) ఇంజిన్ కంపెనీ నుంచి వచ్చినప్పుడు 230 పీఎస్ శక్తి, 350 ఎన్‌ఎం టార్క్ ఇస్తుంది. నా కారులో కంపెనీ ఇచ్చిన ఐఎస్20 అనే టర్బో తీసి, ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్ కారులో వచ్చే ఐఎస్38 అనే పెద్ద టర్బో బిగించి, పెద్ద ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది), క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని కాలుష్యాన్ని తగ్గించే భాగం) లేని డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగను బయటికి పంపే గొట్టం), కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగల సస్పెన్షన్) పెట్టి, ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్)తో పాటు డీఎస్‌జీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ సాఫ్ట్‌వేర్‌ను కూడా మార్చి ఉంది. కారును కంపెనీ స్థితికి తెచ్చాకే అమ్ముతామని, విప్పిన సామాను విడిగా అమ్మిపెడతామని కన్సల్టెన్సీ యజమాని మొదట్లోనే ఖరాకండిగా చెప్పారు. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. కొన్నవారు రేపు ఆ చిక్కులో పడకూడదన్నదే ఆయన పట్టుదల, అది నాకు ఎంతో నచ్చింది.

వారి మెకానిక్ పనితనం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఈసీయూలో పాత సాఫ్ట్‌వేర్ ఎక్కించేసి టర్బోను అలాగే వదిలేస్తే చాలదా అని అడిగితే, ఐఎస్20 కోసం లెక్కగట్టిన బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) నియంత్రణ ఐఎస్38కు కుదరదని, రెండింటినీ కలిపే మార్చాలని ఓపికగా వివరించాడు. నేను అటక మీద దాచిన పాత టర్బోను తెప్పించి, దాని షాఫ్ట్‌ను వేలితో అటూ ఇటూ కదిపి చూసి, వదులు లేదని తేల్చుకున్నాకే బిగించాడు. తర్వాత ల్యాప్‌టాప్ తగిలించి నార్కట్‌పల్లి రోడ్డు మీద నడిపి, బూస్ట్ ఎంత వస్తోందో, ఏ సిలిండర్‌లో ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరుగుతోందో నమోదు చేసి, ఆ కాగితాలను సర్వీస్ బిల్లులతో కలిపి ఫైలులో పెట్టాడు.

కారు కంపెనీ స్థితికి వచ్చింది కదా అని పాత సంగతి దాచలేదు. పెద్ద టర్బోతో తిరిగిన బండి అని, ఇంజిన్, గేర్‌బాక్స్ అంత ఒత్తిడి మోశాయని పాలమూరు నుంచి వచ్చిన కొనుగోలుదారుకు ముందే చెప్పి, విప్పినవేవో, మిగిలినవేవో కాగితం మీద రాసి ఇద్దరితోనూ సంతకాలు పెట్టించారు. దీనివల్ల ధర కొంత తగ్గింది. అయినా ఇది సరైన పద్ధతేనని నా నమ్మకం. మార్పులకు పెట్టిన సొమ్ము మాత్రం విడి సామాను అమ్మకంలోనూ పూర్తిగా తిరిగి రాలేదు. ఇంటర్‌కూలర్ త్వరగానే పోయింది, కాయిలోవర్లను ఎవరూ అడగలేదు.

లోటు కనిపించింది కాగితాల పనిలోనే. యాజమాన్య బదిలీకి కావాల్సిన ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు తీసుకున్నారు గానీ, ఆర్సీ పేరు మార్పు దరఖాస్తు వేయడానికి పదేపదే గుర్తుచేయాల్సి వచ్చింది. ఒకే రాష్ట్రంలో అమ్మినప్పుడు 14 రోజుల్లోగా బదిలీ సంగతి రిజిస్ట్రేషన్ అధికారులకు తెలపాలి. పైగా ఆర్సీలో పేరు మారనంత వరకు ప్రమాదం జరిగితే నష్టపరిహారం బాధ్యత రిజిస్టరైన యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. ఇంత వేగంగల కారు విషయంలో ఆ జాప్యాన్ని తేలిగ్గా తీసుకోలేం. అక్కడ కారు అమ్మదలచినవారు, దరఖాస్తు రసీదు చేతికిచ్చాకే కమీషన్‌లో చివరి వాయిదా చెల్లిస్తామని ముందే మాట్లాడుకోవాలి.