తిరుపతి నుంచి వింగ్ ఫాయిలింగ్‌కు: కోవళమా, తూపిలిపాలెమా?

కొండ కింద పెరిగిన మాకు సముద్రం దూరపు చుట్టమే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారి వాకాడు తీరం తిరుపతి జిల్లాలోకి వచ్చాక కొత్త ఆశ పుట్టింది. వింగ్ ఫాయిలింగ్ కోసం చెన్నై అవతలి కోవళం దాకా వెళ్లక తప్పదా, ఆ వాకాడు తీరంలోని మన తూపిలిపాలెం చాలదా? ఈ ఏప్రిల్‌లో నేనూ మా బావమరిదీ రెండూ చూసి వచ్చాం.

ఈ ఆటలో గాలి నింపిన రెక్కను, అంటే వింగ్‌ను, చేత్తో పట్టుకుంటాం. బోర్డు అడుగున మాస్ట్ అనే నిలువు కడ్డీ, దాని చివర నీటిలో ఉండే చిన్న రెక్కల్లాంటి ఫాయిల్ ఉంటాయి. వేగం అందగానే ఫాయిల్ బోర్డును నీటి పైకి ఎత్తుతుంది.

ముందు కోవళం. చెన్నై నుంచి దక్షిణంగా 40 కిలోమీటర్లు. నేల వేడెక్కాక, మధ్యాహ్నం సముద్రం మీది నుంచి గాలి మొదలైంది. పది నాట్లకు (గంటకు సుమారు 18 కిలోమీటర్లు) మించలేదు. అలలు చిన్నవే కానీ ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా వస్తున్నాయి. మొదటి శిక్షణ కేంద్రంలో నా 72 కిలోలకు 4 చదరపు మీటర్ల వింగ్ ఇచ్చారు. గంటన్నరసేపు మోకాళ్ల మీదే ఉన్నాను. పెద్దది అడిగితే గాలి పెరుగుతుందన్నారు. అద్దె పూర్తిగా తీసుకునేవారు గాలికి తగిన సామాను ఇవ్వాలి కదా! నాకు నిజంగా కోపం వచ్చింది.

మర్నాడు ఇంకో చోట 6 చదరపు మీటర్ల వింగ్, 110 లీటర్ల ఘనపరిమాణమున్న బోర్డు, పెద్ద ఫాయిల్ ఇచ్చారు. గాలి మాత్రం అదే. శిక్షకుడు చెప్పిన కిటుకు ఒక్కటే: అల మీదికి ఎక్కుతున్నప్పుడు తొందరపడకు, దాని వెనక వాలులోకి దిగే క్షణంలో వింగ్‌ను రెండుసార్లు బలంగా లాగు. నాలుగో ప్రయత్నంలో బోర్డు కింద టపటపమని కొట్టుకుంటున్న నీటి చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. సన్నని ఈల లాంటి ధ్వని తప్ప ఏమీ లేదు. ఆ నిశ్శబ్దం కోసం ఎంత దూరమైనా వెళ్లవచ్చు. లేచాక మాస్ట్ సగం ఎత్తులోనే ఉండాలి. మరీ పైకి పోతే అలల మధ్య పల్లంలో ఫాయిల్ బయటపడి కిందికి కూలుస్తుంది, మరీ కిందుంటే అల తలలు బోర్డుకు తగులుతాయి.

బస ఊళ్లోని ఒక చిన్న ఇంట్లో. ఏసీ లేదు. కానీ గుమ్మం పక్కనే మంచినీళ్ల కుళాయి ఉంది, వింగ్ ఆరేసుకోవడానికి మేడ ఇచ్చారు. ఉప్పు కడగనిదే సామాను నిలవదు కాబట్టి నాకు అదే పెద్ద సౌకర్యం.

తూపిలిపాలేనికి శ్రీకాళహస్తి, నాయుడుపేట, వాకాడు మీదుగా వెళ్లాం. అద్దె సామాను లేదు, రక్షణ పడవ లేదు, మాకు బస కూడా దొరకలేదు. పులిహోర కట్టుకెళ్లడం మంచిదైంది. బోర్డు దింపుతుంటే వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన పిలిచి, "అక్కడ ఇసుక మేట ఉంది బాబూ, ఆ పడవకు ఇవతలగా దిగు" అన్నారు. ఆ మాట లేకపోతే మాస్ట్ ఇసుకలో దిగబడేది. బోర్డును బోర్లించి, ఫాయిల్ పైకి ఉండేలా తోసుకుంటూ ఛాతీ లోతుకు వెళ్లి తిప్పుకున్నాను. అలసిపోయినా ఒడ్డుకు వీచే గాలి మనల్ని ఒడ్డుకే చేరుస్తుంది, ఆ ధైర్యం ఉంది. మూడు గంటల్లో ఐదారు మంచి పరుగులు దక్కాయి. చుట్టూ మరో వింగ్ లేదు.

దారిలోని పులికాట్ నీరు నున్నగా కనిపించి ఆశ పెడుతుంది. దిగకండి. ఫాయిల్‌కు చాలని లోతు, పైగా అది పక్షుల అభయారణ్యం.

నేర్చుకునేవారికి కోవళమే, సామాను ముందే అడిగి ఖాయం చేసుకుని. సొంత సామాను, ఒడ్డున ఒక తోడు ఉంటే నా ఓటు తూపిలిపాలేనికి. అయితే జూన్ వచ్చాక ఉదయాల్లో పడమటి గాలి ఒడ్డు నుంచి సముద్రం లోపలికి తోస్తుంది. పడవ లేని ఆ తీరంలో అప్పుడు నేను దిగను.