నీటిపై నడిచే పురుగు: ఆల్కహాల్‌లోనా, పొడిగానా?
కోనసీమ కాలువలోనో, కోరింగ మడ అడవుల పాయలోనో దొరికిన నీటిపై నడిచే పురుగు కొత్త జాతి అనిపిస్తే, ముందు దాన్ని చెడిపోకుండా దాచాలి.

పొడిగా, చిన్న అట్టముక్కకు అంటిస్తే ఒంటి మీది మచ్చలు, తడి అంటనివ్వని సన్నని వెండి నూగు చక్కగా కనిపిస్తాయి. కానీ పొడవాటి కాళ్లు తాకితే విరుగుతాయి. డెల్టా తేమకు బూజు, ఆపైన చీమల టెన్షన్.

95 శాతం ఇథనాల్‌లో (ఆల్కహాల్‌లో) రంగు కొంత వెలుస్తుంది, ఒళ్లు బిరుసెక్కుతుంది. అయినా నా ఓటు దీనికే. డీఎన్‌ఏ నిలుస్తుంది. పైగా జాతిని తేల్చేది చాలాసార్లు మగపురుగు పొట్ట చివరి జననాంగాలే. వాటిని విడదీసి చూడటానికి మెత్తని నమూనా కావాలి, అందుకే కొన్నింటిని 70 శాతంలో ఉంచాలి. ఒకే జాతిలో రెక్కలున్నవీ లేనివీ ఉంటాయి కాబట్టి ఆ రెండు రకాలూ, ఆడ, మగ రెండూ పట్టాలి. 1999 తర్వాత ప్రచురించే కొత్త పేరుకు ప్రామాణిక నమూనా (ఆ పేరుకు ఆధారంగా నిలిచే పురుగు) ఏదో స్పష్టంగా చెప్పాల్సిందే. ఆ ఒక్కదాన్ని మాత్రం మ్యూజియంకే ఇవ్వాలి, ఇంట్లో ఉంచుకోకూడదు.