జాగ్రత్త: అంకెలు మారుతున్నాయి, రేడియో మారడం లేదు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఇంట్లో ఫ్లైట్ సిమ్యులేటర్ పెట్టుకున్న అన్నలు, తమ్ముళ్లు, అక్కలందరికీ ఒక మాట. "మౌస్‌తో తంటాలు పడక్కర్లేదు, నాబ్ తిప్పితే ఫ్రీక్వెన్సీ వచ్చేస్తుంది, ప్లగ్ పెడితే చాలు" అంటూ ఆన్‌లైన్లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ సిమ్యులేటర్‌లోని విమానం రేడియోను చేత్తో ట్యూన్ చేసే ఒక రేడియో ప్యానెల్ అమ్ముతున్నారు. నల్లటి అక్రిలిక్ పలక, రెండు వరుసల ఎర్ర అంకెలు, ఒకదాని మీద ఒకటి కూర్చున్న రెండు నాబ్‌లు. ఫొటోలో చూస్తే ముచ్చటేస్తుంది. మన వైపు వచ్చిన కొన్నింటిని విప్పి చూశాం. కొనకండి. కొనే తీరాలనుకుంటే ఇక్కడ చెప్పే పరీక్షలన్నీ వీడియో కాల్‌లో మీ కళ్ల ముందు చేయించాకే డబ్బు పంపండి.

అసలు మోసం అంకెల దగ్గరే ఉంది. నాబ్ తిప్పితే 118.000 కాస్తా 119.000 అవుతుంది, పని చేస్తోందని నమ్మేస్తాం. ఆ అంకె సిమ్యులేటర్ నుంచి వచ్చింది కాదు. లోపలి బోర్డు తన లెక్క తను పెట్టుకుని చూపిస్తోంది, సిమ్యులేటర్‌కు మాత్రం జాయ్‌స్టిక్ బటన్ నొక్కినట్టు చిన్న సిగ్నల్ వదులుతోంది. సెకనుకు 30 ఫ్రేములు నడిచే పీసీలో ఒక్కో ఫ్రేము 33 మిల్లీసెకన్లు. సిగ్నల్ అంతకంటే పొట్టిగా ఉంటే సిమ్యులేటర్ దాన్ని గమనించకుండానే దాటేయొచ్చు. అలా 25 కిలోహెర్ట్జ్ క్లిక్‌లు నాలుగు పోతే ప్యానెల్ మీద 121.500, కాక్‌పిట్లో 121.400. టవర్‌ను ఎంత పిలిచినా పలకదు. నావ్ రేడియోలో (దారి చూపేది) ఇదే జరిగితే రన్‌వేకు దారి చూపే ఐఎల్ఎస్ సూది కదలదు, తప్పు ఎక్కడుందో తెలియక సిమ్యులేటర్‌నే మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తూ కూర్చుంటాం.

ఈ సంగతి తేల్చడానికి రెండు నిమిషాలు చాలు. సిమ్యులేటర్‌లో రేణిగుంట ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో నిలబెట్టిన విమానంలో, ప్యానెల్ ముట్టుకోకుండా, కాక్‌పిట్లోని కామ్ 1 (టవర్‌తో మాట్లాడే మొదటి రేడియో) నాబ్‌ను మౌస్‌తో తిప్పమనండి. ప్యానెల్ అంకెలు వెంటనే దాంతోపాటు మారాలి. కదలకుండా ఉంటే ఆ ప్యానెల్ సిమ్యులేటర్ మాట వినడం లేదు. తర్వాత పెద్ద నాబ్‌ను పైకి తిప్పుతూ పోమనండి. కామ్ బ్యాండ్ 118.000 నుంచి 136.975 దాకానే. 136 తర్వాత మళ్లీ 118కి రావాలి, 137 కనబడిందంటే అది సొంత లెక్క. ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కు విమానం కోడ్ పంపేది) ఇంకా తేలిక: దాని నాలుగు అంకెలూ 0 నుంచి 7 వరకే, అందుకే మొత్తం కోడ్‌లు 4096. ఎక్కడైనా 8 గానీ 9 గానీ కనబడితే ఇక మాటలు అక్కర్లేదు.

ఇక నాబ్‌లు. బయటి నాబ్ మెగాహెర్ట్జ్‌ను, లోపలిది కిలోహెర్ట్జ్‌ను తిప్పాలి. అందుకు ఒకే ఇరుసులో రెండు ఎన్‌కోడర్లు (నాబ్ ఎటు, ఎన్ని క్లిక్‌లు తిరిగిందో బోర్డుకు చెప్పేవి) ఉన్న భాగం కావాలి, దాని ఖరీదు ఎక్కువ. వీళ్లు పెట్టింది ఈసీ11 అనే మామూలు ఎన్‌కోడర్ ఒక్కటే, పైన రెండు నాబ్‌లు అతికించారు. ఒకటి తిప్పితే రెండోది కూడా తిరుగుతుంది. నొక్కితే మెగాహెర్ట్జ్, మళ్లీ నొక్కితే కిలోహెర్ట్జ్. ఆ పద్ధతిలో తప్పు లేదు, దానికి డబుల్ నాబ్ ధర తీసుకోవడమే అన్యాయం. ఇంకో రకంలో లోపల ఎన్‌కోడర్ కూడా లేదు, పొటెన్షియోమీటర్ (వాల్యూమ్ నాబ్‌లో ఉండేలాంటిది) ఉంది. ముక్కాలు చుట్టు తిరిగి ఆగిపోతే అదే. ఎన్‌కోడర్‌కు హద్దు ఉండదు, ఎటు తిప్పినా తిరుగుతూనే ఉంటుంది.

క్లిక్‌ల లెక్క కూడా చూడండి. 25 కిలోహెర్ట్జ్ స్పేసింగ్‌లో (ఛానెల్‌కూ ఛానెల్‌కూ మధ్య ఎడం) ఒక మెగాహెర్ట్జ్‌కు 40 ఛానెళ్లు. 118.000 నుంచి 121.500కి రావాలంటే బయటి నాబ్ మూడు క్లిక్‌లు, లోపలిది సరిగ్గా 20 క్లిక్‌లు. ఈసీ11లో రెండు రకాలు ఎక్కువగా దొరుకుతాయి: చుట్టుకు 20 క్లిక్‌లు 20 పల్సులు (బోర్డుకు వెళ్లే సిగ్నళ్లు) ఒకటి, 30 క్లిక్‌లు 15 పల్సులు ఇంకోటి. ఒక రకం బిగించి రెండో రకానికి ప్రోగ్రామ్ రాస్తే, రెండు క్లిక్‌లకు ఒక అడుగు కదులుతుంది, లేదా ఒక్క క్లిక్‌కు 50 కిలోహెర్ట్జ్ దూకుతుంది. దూకే ప్యానెల్‌లో 118.000 నుంచి 118.025కు మీరు ఎప్పటికీ చేరలేరు. అయితే లోపలిది 80 క్లిక్‌లు పట్టిందని కంగారు పడొద్దు, ఆ విమానం రేడియో 8.33 కిలోహెర్ట్జ్ స్పేసింగ్‌లో ఉంది. అందులో 000, 005, 010, 015 తర్వాతే 025 వస్తుంది. 25కి మార్చి మళ్లీ లెక్కించండి.

కరెంటు విషయం ఎవరూ చెప్పరు. యాక్టివ్‌కు (ఇప్పుడు వాడుతున్న ఫ్రీక్వెన్సీ) ఆరంకెలు, స్టాండ్‌బైకి (తర్వాత వాడబోయేది) ఆరు, మొత్తం పన్నెండు. ఒక మ్యాక్స్7219 చిప్ ఎనిమిది అంకెలే నడుపుతుంది కాబట్టి రెండు పెడతారు. ఫుల్ బ్రైట్‌నెస్‌లో ఒక్కోటి 300 మిల్లీఆంపియర్లు దాటి లాగగలదు, యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500. అంకెలన్నీ 8గా వెలిగించినప్పుడు వెలుగు తగ్గినా, విండోస్‌లో యూఎస్‌బీ ఊడిపోయిన శబ్దం వచ్చినా కారణం ఇదే. బ్రైట్‌నెస్ తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది. కానీ వీళ్ల ప్యానెల్‌లో దాన్ని మార్చే దారి లేదు, ఫర్మ్‌వేర్‌కు (బోర్డు లోపలి ప్రోగ్రామ్) తాళం వేసి పెట్టారు.

అన్నిటికన్నా భయపడాల్సింది దాంతో పంపే సాఫ్ట్‌వేర్ గురించి. గూగుల్ డ్రైవ్ లింకులో ఒక ఈఎక్స్ఈ ఫైలు, "యాంటీవైరస్ ఆఫ్ చేసి రన్ చేయండి" అని సలహా. దయచేసి ఆ పని చేయొద్దు. ఆ పీసీలోనే మీ బ్యాంకు పాస్‌వర్డులు కూడా ఉంటాయి.

మరి ట్యూనింగ్ తేలిక కావాలంటే? ముందు ఖర్చు లేని దారి: కాక్‌పిట్లో నాబ్ మీద మౌస్ పెట్టి వీల్ తిప్పండి, క్లిక్ చేసి లాగడం కంటే చాలా నయం. జాయ్‌స్టిక్ మీద ఐదు బటన్లు ఖాళీగా ఉంటే ఇంకా మంచిది: మెగాహెర్ట్జ్ పైకి, కిందికి, కిలోహెర్ట్జ్ పైకి, కిందికి, ఐదోది స్వాప్ (యాక్టివ్, స్టాండ్‌బైలను అటూ ఇటూ మార్చేది). ఎక్స్-ప్లేన్ అనే సిమ్యులేటర్‌లో మెగాహెర్ట్జ్‌ను కోర్స్, కిలోహెర్ట్జ్‌ను ఫైన్ అంటారు.

చేత్తో తిప్పాలనే ఉంటే రెండు ఈసీ11లు, ఒక ప్రో మైక్రో బోర్డు (చిన్న కంట్రోలర్), డేటా వెళ్లే యూఎస్‌బీ కేబుల్ (చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్ పెడితే పీసీ బోర్డును గుర్తించదు). అంకెల డిస్‌ప్లే లేకుండా వెయ్యి లోపే అయిపోతుంది. ఎన్‌కోడర్‌కు మూడు కాళ్లున్న వైపు మధ్యది గ్రౌండ్‌కు, అటూ ఇటూ ఉన్నవి బోర్డు పిన్నులకు. రెండు కాళ్లున్న వైపు స్విచ్, అది స్వాప్‌కు. రెండు ఎన్‌కోడర్లకు నాలుగు పిన్నులు, స్విచ్‌కు ఒకటి, అంతే. బోర్డును సిమ్యులేటర్‌కు కలిపే మోబీఫ్లైట్ సాఫ్ట్‌వేర్ ఉచితం. అందులో ఎన్‌కోడర్ రకాన్ని ఎంచుకునే చోట క్లిక్‌కు ఒక అడుగు వచ్చే దాకా మార్చి చూడండి. అంకె వెనక్కీ ముందుకూ తడబడితే రెండు సిగ్నల్ కాళ్ల నుంచీ గ్రౌండ్‌కు ఒక్కో 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేయండి. సోల్డరింగ్ చేతకాకపోతే ఈసీఈ చదివే పిల్లలు మన ఊళ్లో ప్రతి వీధిలో ఉన్నారు, అరగంట పని.

ఇప్పటికే డబ్బు కట్టేసినవాళ్లు పార్సిల్ విప్పేటప్పుడు మొదటి నుంచి ఆపకుండా వీడియో తీయండి, పైన చెప్పిన మౌస్ పరీక్ష కూడా అందులోనే రికార్డు చేయండి. అమ్మినవాళ్లు "మీ పీసీలో ప్రాబ్లం" అంటారు, వాళ్ల చాట్లు, యూపీఐ రసీదు చెరిపేయొద్దు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి. తేలకపోతే 2019 వినియోగదారుల చట్టం ప్రకారం అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు.