పూలు గంగాళంలోనా, ట్రంకు పెట్టెలోనా?

అటక మీంచి రెండూ దింపాం. అందానికైతే ఇత్తడి గంగాళమే, కానీ దానికి అడుగున చిల్లు ఉండదు, చిల్లు పెట్టడానికి నాకు మనసొప్పలేదు (అమ్మమ్మ పెళ్లినాటిది మరి), అందుకే లోపల ఇటుక ముక్క మీద చామంతి కుండీ నిలబెట్టి, వాన పడ్డప్పుడల్లా అడుగున చేరిన నీళ్లు వంపేస్తున్నా. రేకు ట్రంకు పెట్టెతో ఆ మొహమాటం లేదు. మేకూ సుత్తీ తీసుకుని పది చిల్లులు కొట్టి, మట్టిలో పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపి నింపి బంతి నారు పెట్టేయడమే, బంతికైతే నా ఓటు దీనికే. తుప్పు పడుతుంది, పట్టనీ. మే ఎండకి మాత్రం రెండూ కాలిపోతాయి, మొక్కల వేళ్లు ఉడుకుతాయి. గంగాళంలో కుండీనైతే ఎత్తి నీడలో పెడతాం, మట్టి నిండిన పెట్టె ఇద్దరు పట్టినా కదలదు.